పేరు చెప్పని ప్రార్థనాంశం

సుజాత గురించి రాయాలంటే నేను మొదట రాయాల్సింది ఆమె గొంతు గురించి కాదు, ఆమె ఊపిరి గురించి. రెండేళ్ళపాటు మేమిద్దరం ఒకే మైకులో పాడాం. మా బృందం దగ్గరున్న పాత మిక్సర్‌కు మైకులు పెట్టే చోట్లు తక్కువ. వాయిద్యాలకు పోగా మిగిలిన వాటిలో ఒకటి మా నాయకుడు నవీన్ కుమార్ అన్నకు, ఒకటి ఆడపిల్లలిద్దరికీ కలిపి. చెంపకు చెంప ఆనించి పాడేవాళ్ళం. పాటలో ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో నాకు తెలుసు. నేను ఎక్కడ శ్రుతి జారతానో ఆమెకు తెలుసు. నేను జారబోయే చోట తన గొంతు కాస్త పెంచి నన్ను కప్పేసేది. పాట అయ్యాక ఆ సంగతి ఎత్తేది కూడా కాదు. అలా నన్ను కాపాడుతూ వచ్చిన మనిషికి నేనేం చేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సుజాతది జమ్మలమడుగు. వాళ్ళ నాన్న యోబు నాపరాళ్ళ పాలిష్ మిషన్ దగ్గర పనిచేసేవాడు. రాతి దుమ్ము రొమ్ములో చేరి, సుజాత తొమ్మిదో తరగతిలో ఉండగా పోయాడు. వాళ్ళమ్మ రాహేలు సంఘంలో బైబిల్ వుమన్. అంటే పాస్టర్ కాదు, నర్సూ కాదు, రెండు పనులూ చేసే మనిషి. తెల్ల చీర కట్టుకుని, చంకలో బైబిల్ పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపిస్తుంది. బాలింతకు తోడు పడుకుంటుంది. చావు ఇంట్లో అందరికంటే ముందు కూర్చుని అందరికంటే చివర లేస్తుంది. పాతికేళ్ళుగా రాహేలమ్మ బతుకంతా ఆ నడకే. ఆమె బైబిల్‌కు తనే కుట్టుకున్న నీలం గుడ్డ అట్ట ఉండేది. ఆ నీలం అట్ట మలుపులో కనిపిస్తే చాలు, ఏ కులం ఇంట్లోనైనా సరే, "రాహేలమ్మ వస్తాంది" అని చాప పరిచేవాళ్ళు.

సుజాతకు చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవి. ఏడేళ్ళప్పుడు ఒకసారి బాగా వచ్చి, ఆసుపత్రిలో రెండు రోజులుండి, మందులు వాడాక మళ్ళీ రాలేదు. అది రాహేలమ్మ ప్రార్థన మహిమ అని సంఘమంతా చెప్పుకునేది. ఆమెను మాత్రం, దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందు సాక్ష్యం చెప్పమంటే, "ఇప్పుడొద్దులే నాయనా, ఇంగోసారి" అని తప్పించుకునేది. మా వాళ్ళలో సాక్ష్యం చెప్పడానికి మైకు ఇస్తామంటే వద్దనే మనిషి నాకు ఆమె ఒక్కతే కనిపించింది. ఎందుకో అప్పుడు ఎవరికీ తట్టలేదు.

రెండువేల పదిహేడులో సుజాత డిగ్రీ అయ్యాక ప్రొద్దుటూరు వచ్చి మా బృందంలో చేరింది. మా బృందం పేరు తొలకరి. ఒక బట్టల అంగడి మీద గది మా ఆఫీసు. నయీం అనే అతని వ్యాన్ మా బండి. అతను ప్రొద్దుటూరు సాయిబుల పిల్లవాడు, మా మీటింగులన్నీ వ్యాన్ స్టీరింగు మీద తల పెట్టుకుని వినేవాడు, పాటలన్నీ నోటికొచ్చేవి. నవీనన్న గురించి ఏం చెప్పను? మనిషి పొడుగు, గిటారు మెడలో ఉంటే ఇంకా పొడుగు. వ్యాన్‌లో ప్రొద్దుటూరు భాష, స్టేజి ఎక్కితే గుంటూరు భాష. ఫ్లెక్సీలో ఆయన ఫోటో గుమ్మం అంత, మా అందరి ఫోటోలూ కలిపి కిటికీ అంత. అయినా అప్పట్లో ఆయన మాటంటే నాకు వేదవాక్కు. ఎవరైనా ఆయన్ని ఒక్క మాటంటే నేను పోట్లాటకు పోయేదాన్ని. ఆ పోట్లాటలు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

రోడ్డు మీది బతుకు బయటికి కనిపించినంత గొప్పది కాదు. ఈ పూట వేంపల్లె, రేపు పులివెందుల, ఎల్లుండి వల్లూరు పక్కన ఏదో పల్లె. ఏ ఊళ్ళో పాస్టరమ్మ ఏది పెడితే అది తినడం, మందిరం నేల మీద చాపలు పరుచుకుని పడుకోవడం. స్టేజి చీరలు రెండే, ఒకటి కట్టుకుంటే ఒకటి వ్యాన్ కిటికీకి ఆరేయడం. ఎండాకాలం దారిలో వ్యాన్ రేకు పట్టుకుంటే చెయ్యి కాలేది. సుజాత గొంతు కోసం మిరియాలు, కలకండ చిన్న డబ్బాలో పెట్టుకునేది. చల్లనీళ్ళు తాగేది కాదు. నేను దొంగతనంగా ఐస్ తింటే, "రేపు జారతావు చూడు మే" అనేది. మర్నాడు జారేదాన్ని, తనే కప్పేది. మేం ఎంత అలిసిపోయినా నవ్వుకునే వాళ్ళం. ఆ వయసులో దేవుని పని చేస్తున్నామనే సంతోషం నిజంగానే ఉండేది, దాన్ని ఇప్పుడు కూడా నేను కాదనను.

పొద్దున బండి కదలక ముందు వ్యాన్‌లో ప్రార్థన. తలా ఒక ప్రార్థనాంశం చెప్పాలి. అంటే ఎవరికి ఏ కష్టముందో చెబితే మిగతా వాళ్ళంతా దాని కోసం ప్రార్థిస్తారు. అప్పు అయితే అప్పు, జబ్బు అయితే జబ్బు, ఇంట్లో గొడవైతే గొడవ. నవీనన్న అవన్నీ ఒక నల్ల డైరీలో రాసుకునేవాడు. మర్చిపోకుండా ప్రార్థించడానికి అనేవాడు. డ్రైవర్ సీటు వెనక అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసి అతికించిన నియమాల్లో మూడోది, 'వ్యాన్‌లో చెప్పింది వ్యాన్‌లోనే'. ఆ మాట రాసింది నేనే. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని నాతో రాయించారు.

ఆ నియమానికి ఎంత విలువ ఉందో మాకు ముందే తెలియాల్సింది. మా ప్యాడ్స్ వాయించే మోహన్ ఒకే పరీక్ష మూడుసార్లు తప్పాడు. ఏడుస్తూ వ్యాన్‌లో చెప్పుకున్నాడు. వారం తిరక్కముందే వేంపల్లె యూత్ మీటింగులో నవీనన్న మైకు పట్టుకుని, "నాకు తెలిసిన ఒక తమ్ముడున్నాడండీ, పేరు చెప్పను, మూడుసార్లు అదే పరీక్ష, అదే మార్కు!" అన్నాడు. జనం పగలబడి నవ్వారు. మేమంతా మోహన్ వైపు చూసి నవ్వాం. మోహన్ కూడా నవ్వాడు, కానీ ఆ పూట అన్నం తినలేదు. సుజాత ఒక్కతే నవ్వలేదు. "అది తప్పు గదా మే" అంది నాతో. "పేరు చెప్పలేదు కదా" అన్నాను నేను. ఆ మాట నా నోటినుంచే వచ్చిందని ఇక్కడ రాసి పెడుతున్నాను.

రెండువేల పద్దెనిమిది డిసెంబరుకు కాస్త ముందు సంగతి. రాహేలమ్మకు జ్వరం అని సుజాత రెండు రోజులు ఇంటికి వెళ్ళి, నేరుగా పులివెందులలో మమ్మల్ని కలిసింది. ఆ మధ్యాహ్నం పాస్టర్ గారింటి వెనక బండ మీద బట్టలు ఉతుక్కుంటున్నాం. చుట్టూ చీనీ బత్తాయి తోటలు, మనిషి అలికిడి లేదు. సుజాత సబ్బు చేతుల్తోనే చెప్పింది. అమ్మ బైబిల్ అట్ట మాసిపోయిందని ఉతుకుదామని తీసిందట. వెనక మడతలో చేతికి ఏదో గట్టిగా తగిలిందట. కుట్టు కాస్త విప్పి చూస్తే నల్ల దారంతో తాయెత్తు.

"మా యమ్మ ఊరందరికీ ఇట్లాంటివి ఇప్పి పారేయమని చెప్తాది మే. ఆమె బైబిల్లోనే ఉంది. మళ్ళీ ఎట్లుందో అట్లనే కుట్టి పెట్టినా."

"ఆమెను అడగలేదా?"

"ఎట్లడిగేది? నిజమని చెప్తే ఏం చేద్దును? పెద్దలకు తెలిస్తే ఇంగ ఒక్కరోజు ఉంచరు. తిరుణాలకు పోయిందని పోయినేడు తిరుపాలమ్మవ్వను ప్రభువు రొట్టె ఇచ్చే బల్ల దగ్గరికి రానీలేదు తెల్సు గదా. ఆ నడక పోతే మా యమ్మ బతకదు మే." బట్ట గట్టిగా పిండి, "ఎవురికీ చెప్పాకు" అంది.

మా విశ్వాసంలో ఒట్లు వేయం. అందుకని చేతిలో చెయ్యి వేశాను. సబ్బు నురగకు చెయ్యి జారింది, మళ్ళీ గట్టిగా పట్టుకున్నాను.

నాలుగు రోజులు నా కడుపులోనే ఉంది. ఐదో రోజు పొద్దున వల్లూరు దగ్గర పల్లెలో ఉన్నాం. సుజాత ఏదో సర్టిఫికెట్ కోసం జమ్మలమడుగు కాలేజీకి వెళ్ళింది. వ్యాన్‌లో ప్రార్థన మొదలైంది. నా వంతు వచ్చింది. ప్రతిసారీ నేను చెప్పేది మా అమ్మ మోకాళ్ళ నొప్పి. అది విని విని అందరికీ విసుగొచ్చింది. నేను నోరు తెరవకముందే మోహన్, "మోకాళ్ళేనా అక్కా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు రోషం వచ్చింది. ఇప్పుడు ఎంత వెనక్కి తిరిగి చూసుకున్నా కారణం అదే, ఇంకేం లేదు. మోకాళ్ళకంటే పెద్ద అంశం నా దగ్గర కూడా ఉందని చూపించుకోవాలనిపించింది.

"ఒక సహోదరి కోసం ప్రార్థన చేయండి. పేరు చెప్పను. ఆమె దగ్గర ఒక తాయెత్తు ఉంది. దాన్నుంచి విడుదల కావాలి."

నవీనన్న డైరీ తెరిచాడు. "సేవలో ఉండే మనిషేనా?"

"అవునన్నా."

"శానా యేండ్లుగానా?"

"పాతికేండ్లు."

"యాడ పెట్టుకునింది?"

అక్కడ ఆగి ఉండొచ్చు. ఆగలేదు. "బైబిల్ అట్టలో కుట్టుకుంది" అన్నాను. వ్యాన్‌లో అందరూ 'అయ్యో దేవా' అన్నారు. నా మోకాళ్ళ అంశానికి ఎప్పుడూ రాని 'అయ్యో' అది. చాలా సేపు ప్రార్థన చేశారు, నేను ఏడ్చాను కూడా. నవీనన్న నా తల మీద చెయ్యి పెట్టి, "నీకు భారం ఇచ్చినాడు దేవుడు, స్వాతీ" అన్నాడు. నాకు ఒళ్ళు తేలికైంది. నేను చాడీ చెప్పానని నాకు అనిపించనే లేదు. మా దగ్గర చాడీలు ఎవరూ చెప్పరు, ప్రార్థనాంశాలు మాత్రమే చెబుతారు.

జనవరి చివర జమ్మలమడుగులో స్త్రీల కూటం. దానికి జనాన్ని పిలిచింది రాహేలమ్మే. పది రోజులు తిరిగి, మా కూతురు పాడతాంది రండి అని గడప గడపకూ చెప్పింది. ఆ మధ్యాహ్నం మాకందరికీ వాళ్ళింట్లోనే భోజనం. రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి, నాటుకోడి పులుసు. నవీనన్న పళ్ళెంలో ముక్కలు వద్దన్నా వేసింది. "తిను నాయనా, గంటసేపు అరిసి చెప్పాల్సినోడివి" అంది. ఆయన వేళ్ళు నాకుతూ, "అమ్మా, నీ చేతిలో ఏందో ఉంది" అన్నాడు. నీలం అట్ట బైబిల్ గూట్లో ఉంది. ఆయన చూపు దాని మీద పడటం నేను చూశాను. చూసి కూడా, గదిలో ఉన్న ఒకే ఒక పుస్తకం కాబట్టి చూశాడులే అనుకున్నాను.

మూడు గంటలకు షామియానా కింద కూటం మొదలైంది. రెండొందల మంది దాకా ఆడవాళ్ళు. మొదటి వరసలో రాహేలమ్మ, ఒళ్ళో బైబిల్. మేం రెండు పాటలు పాడాం. కూతురు పాడుతున్నంత సేపూ ఆమె పక్కనున్న వాళ్ళ మోచేయి పొడుస్తూనే ఉంది. తర్వాత నవీనన్న వాక్యం చెప్పడానికి లేచాడు. గుంటూరు భాష మొదలైంది.

"రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాళ్ళు మన మధ్యనే ఉన్నారమ్మా!"

"ఆమెన్" అంది రాహేలమ్మ, అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా. అది ఆమె అలవాటు.

"నాకు తెలిసిన ఒక తల్లి ఉంది. పేరు చెప్పను, ఊరు చెప్పను. పాతికేళ్ళ సేవ. ఇల్లిల్లూ తిరిగి తాయెత్తులు తీసేయండి అని చెబుతుంది."

"ఆమెన్" అంది మళ్ళీ. ఇంకా తెలియలేదు ఆమెకు.

"ఆ తల్లి తాయెత్తు ఎక్కడ పెట్టుకుందో తెలుసా అమ్మా? బైబిల్ అట్టలో కుట్టుకుంది!"

ఈసారి ఆమెన్ రాలేదు. రెండొందల మంది నోళ్ళు నొక్కుకున్నారు. నేను స్టేజి మీద మైకు ముందు సుజాత పక్కనే ఉన్నాను, చివరి పాటకు సిద్ధంగా. ఇంతటితో ఆపితే బాగుండు, ఎవరికీ తెలియకుండా పోతుందని లోపల మొక్కుకుంటున్నాను. కానీ ప్రతి కూటం చివర మా దగ్గర ఒక పద్ధతి ఉంది. అందరూ బైబిళ్ళు పైకెత్తి ఊపాలి. నవీనన్న చెయ్యి పైకి లేచింది.

"అట్టలో ఏమీ లేనివాళ్ళంతా బైబిళ్ళు పైకెత్తండి!"

షామియానా కింద ఎటు చూసినా నల్ల అట్టలు లేచాయి. ప్రతి కూటంలో మొదట లేచే నీలం అట్ట మాత్రం లేవలేదు. రాహేలమ్మ దాని మీద కొంగు కప్పుకుంది. పక్కనున్న ఆవిడ చూసింది. వెనక వరస చూసింది. చూపులన్నీ ఒకదాని వెనక ఒకటి ఆ కొంగు మీదికి వచ్చాయి. ఆమె అబద్ధానికి చెయ్యెత్తి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆమెకు అది చేతకాలేదు.

మైకులో సుజాత ఊపిరి వినిపించింది. పాటకు ముందు తీసుకునే ఊపిరి లాగే లోపలికి తీసుకుంది, వదల్లేదు. స్పీకర్లలో అది కూటమంతా వినిపించింది. ఆమె నవీనన్న వైపు చూడలేదు. తల తిప్పి నా వైపు చూసింది. మా చెంపల మధ్య జానెడు దూరం కూడా లేదు.

రాహేలమ్మ లేచింది. ముందుకొచ్చి అట్ట కుట్టును పళ్ళతో కొరికి తెంపింది. తాయెత్తు తీసి నవీనన్న ముందున్న బల్ల మీద పెట్టింది. ఆమెకు మైకు అవసరం లేదు, వీధుల్లో చదివిన గొంతు.

"ఇది మా పక్కింటి హుసేన్‌బీ కట్టింది. నా బిడ్డకు ఫిట్సు వచ్చిన దినం నేను పక్కూర్లో వాక్యం చదువుతాండా. మా ఆయన ఫ్యాక్టరీలో ఉండె. హుసేన్‌బీనే పాపను బుజానేసుకోని ఆసుపత్రికి పరిగెత్తింది. చెప్పులు తెగిపోతే ఎండలో వొట్టికాళ్ళతోనే పోయింది. నేనొచ్చే తలికి పాప చేతికి ఇది కట్టి, మంచం పట్టుకోని ఏడుస్తాంది. నేను ఇప్పేసినా. ఆమె ఏమీ అన్లే. ఆమె సచ్చిపోయి పన్నెండేండ్లాయె. దీన్ని పారేసేకి నాకు చేతులు రాలే. నా దగ్గర మంచి చోటంటే ఇదొక్కటే, ఇందులో పెట్టుకున్నా."

నవీనన్న కీబోర్డు మెల్లగా వాయించమని సైగ చేశాడు. "స్తోత్రం! ఒప్పుకున్న సహోదరి కోసం చప్పట్లు!" అన్నాడు. తాయెత్తును రెండు వేళ్ళతో ఎత్తి, కూటం వీడియో తీస్తున్న కెమెరాకు చూపించి, కాల్చడానికి నిప్పు తెమ్మన్నాడు. జనంలో కొందరు చప్పట్లు కొట్టారు. రాహేలమ్మ వాళ్ళ వైపు చూడలేదు. స్టేజి మీదున్న కూతురి వైపు చూసింది.

"నన్ను అడిగింటే చెప్తాంటి గదా పాపా."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. ఆ మాటతో సుజాత మొహం వాడిపోయింది. మైకు దగ్గర్నుంచి కదిలి, నవీనన్న చేతిలోంచి తాయెత్తు లాక్కుని గుప్పిట్లో పెట్టుకుని, స్టేజి దిగింది. అప్పటికే రాహేలమ్మ బయటికి నడుస్తోంది. సుజాత వెనకాలే పరిగెత్తింది. అమ్మ ఆగలేదు.

గంట తర్వాత సుజాత తన సంచి కోసం వ్యాన్ దగ్గరికి వచ్చింది. నేను మెట్టు మీద కూర్చుని ఉన్నాను.

"నీకొగదానికే చెప్పినా" అంది.

"నేను పేరు చెప్పలేదు సుజాతా. ప్రార్థన చేయమని మాత్రమే చెప్పినా. నీ మంచికే..."

"నేను గూడా నీకు చెప్పింది నా మంచికే అనుకుంటి." సంచి భుజానికి తగిలించుకుంది. "మా యమ్మను అడగాల్సింది పోయి నిన్ను నమ్మితి. నువ్వు నన్ను అడగాల్సింది పోయి దేవుణ్ణి అడిగితివి. ఆ నవీనన్న ఎవురినీ అడగకుండా మైకులో అడిగె." కలకండ డబ్బా తీసి సీటు మీద పెట్టి వెళ్ళిపోయింది. అది మా ఇద్దరిదీ. పంచుకోవడానికి కూడా ఆమెకు ఇష్టం లేకపోయింది.

నవీనన్నను నిలదీశాను. అదైనా చేశానని చెప్పుకోవాలి. "వ్యాన్‌లో చెప్పింది వ్యాన్‌లోనే అని కదన్నా మన నియమం?"

"అది మనుషుల దగ్గర చెప్పగూడదని స్వాతీ. నేను దేవుని వేదిక మీద చెప్పినా. అయినా నేను పేరు చెప్పినానా? నువ్వు చెప్పినావా? మరి తప్పు ఎవురిది?" అని, నీళ్ళ బాటిల్ మూత తిప్పుకుంటూ, "వీడియో మంచిగా వచ్చింది" అన్నాడు. ఏ మనిషి కోసం నేను ఊరందరితో పోట్లాడానో ఆ మనిషి ఆ క్షణంలో నాకు అపరిచితుడిలా కనిపించాడు. నన్ను కూడా తన డైరీలో ఒక పేజీగా వాడుకున్నాడు. మోసపోయానని కుమిలిపోదామంటే, సుజాత ముందు ఆ మాట అనే మొహం నాకు లేదు.

ప్రొద్దుటూరుకు తిరుగు దారి పట్టాం. ముందు సీట్లో నేనొక్కదాన్నే మేలుకుని ఉన్నాను. సగం దారి దాటాక నయీం అడిగాడు.

"అక్కా, ఒగటి అడుగుతా, ఏమనుకోవద్దు. మా టీ అంగడికాడ ఒకని ఇంటి సంగతి ఇంకొకడు చెప్తే చాడీ అంటాం. చెప్పినోనికీ తెలుసు, ఇన్నోనికీ తెలుసు. మీ కాడ దాన్ని ఏమంటారు?"

అతను ఓరగా నా మొహం చూసి మళ్ళీ అడగలేదు. మరుసటి వారం బండి రిపేరులో ఉందని కబురు పంపాడు. ఆ రిపేరు మా బృందానికి ఎప్పటికీ పూర్తి కాలేదు.

ఆ వీడియోను లక్ష మంది చూశారు. సంఘ పెద్దలు రాహేలమ్మను పిలిచి, మర్యాదగానే, "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమ్మా" అన్నారు. ఆమె చెప్పిన కథ నిజమేనని వాళ్ళందరికీ తెలుసు. హుసేన్‌బీని ఎరిగిన వాళ్ళు వాళ్ళలో ఇద్దరున్నారు. కానీ వీడియోలో ఆ కథ లేదు, తాయెత్తు ఒక్కటే ఉంది. నవీనన్న కథను కోసేశాడు, చప్పట్లను ఉంచాడు.

నేను ఆ మర్నాడే బృందం వదిలేశానని రాస్తే బాగుంటుంది. కానీ మూడు నెలలు ఉన్నాను. మైకు అంతా నాదే. పాటలో సుజాత ఊపిరి తీసుకునే చోటు రాగానే నేను కూడా ఆగిపోయేదాన్ని. నేను జారే చోట్లన్నీ జనానికి వినపడసాగాయి. "ఏంది స్వాతీ, ఇంతకుముందు బాగా పాడతాంటివి" అన్నాడు నవీనన్న. ఇంతకుముందు కూడా ఇంతేనని ఆయనకు తెలియదు. ఆ పూటే చీరలు మడత పెట్టి ఇచ్చేశాను.

ఇప్పుడు నేను వేంపల్లెలో బడిపంతులమ్మను. సుజాత పులివెందులలో ఇంకో బడిలో పనిచేస్తోంది. మధ్య దూరం షేర్ ఆటోలో ముప్పావు గంట. ఐదేళ్ళు ఫోన్ చేశాను, ఒక్కసారీ ఎత్తలేదు. ఒకసారి బస్టాండులో ఎదురుపడింది. తల వంచుకుని పోలేదు, నా మొహంలోకి నేరుగా చూసి పోయింది.

పోయిన ఎండాకాలం సెలవుల్లో ధైర్యం చేసి జమ్మలమడుగు వెళ్ళాను. రాహేలమ్మ వసారాలో కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. కూలికి ఒలుస్తుందట. కాళ్ళకు చెప్పులు లేవు, బయటికి వెళ్ళే పని లేదు కాబట్టి. తెల్ల చీర కాదు, రంగు వెలిసిన ముతక చీర. గూట్లో బైబిల్ ఉంది, అట్ట లేకుండా. నన్ను గుర్తుపట్టి, "రామ్మా" అంది. తిట్టలేదు. సంగటి పెట్టింది, మజ్జిగ పోసింది. బడి గురించి అడిగింది, మా అమ్మ మోకాళ్ళ గురించి అడిగింది. నేను సగం తిని, ఏడుస్తూ, నాదే తప్పు పెద్దమ్మా అన్నాను.

"తెల్సులే. సుజాత చెప్పింది" అంది. "అది ఇంటికొస్తే ఇప్పుడు నాకు ఏమీ చెప్పదమ్మా. నేనూ ఏమీ అడగను. బాగున్నావా అంటే బాగుండా అంటాది."

చెనిక్కాయలు టపటపా పగులుతున్నాయి. ఆ వీధుల్లో ఎవరూ "రాహేలమ్మ వస్తాంది" అని ఇప్పుడు అనరు. ఆ నడక పోతే మా యమ్మ బతకదు అంది సుజాత. బతికే ఉంది. ఉన్న చోట కూర్చుని ఉంది.

లేచి చెప్పులు తొడుక్కుంటూ, మేం ఇళ్ళ నుంచి బయల్దేరేటప్పుడు అందరం అలవాటుగా అనే మాట నా నోట్లోంచి కూడా వచ్చేసింది.

"పోయొస్తా పెద్దమ్మా. నా కోసం ప్రార్థన చెయ్యి."

రాహేలమ్మ చేతిలో కాయ ఒలవడం ఆపి నా వైపు చూసింది.

"చేస్తాలేమ్మా" అంది. "ఏందో మాత్రం చెప్పాకు."